ఎడమ కాలి గంబూటు

బల్లార్షా నుంచి చాందాకు వెళ్ళే రోడ్డు పక్కన, ఊరు దాటిన కాసేపటికి, ఒక రేకుల షెడ్డు ఉండేది. చంద్రపూర్ అనే పేరు 1964 నుంచి కాగితాల మీద ఉన్నప్పటికీ మా ఇళ్ళలో ఆ ఊరు చాందాగానే మిగిలిపోయింది కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఆ షెడ్డులో బొగ్గు బాయిల్లో, అంటే గనుల్లో, పనిచేసేవారికి రబ్బరు గంబూట్లు తయారయ్యేవి. 1983 వానాకాలం మొదట్లో, నాకు 19 ఏళ్ళప్పుడు, అక్కడ అతుకుల బల్ల దగ్గర పనికి కుదిరి దాదాపు ఎనిమిదేళ్ళు ఉన్నాను.

గంబూటును చూసినవారు అది బకెట్టులాగా ఒకే అచ్చులో పోసినదని అనుకుంటారు. ఇప్పటి ప్లాస్టిక్ బూట్ల విషయంలో ఆ ఊహ చాలావరకు నిజమే. మా బూటు మాత్రం అలా పుట్టలేదు. ఒక్కొక్క కాలికి చిన్నవీ పెద్దవీ కలిపి పదమూడు ముక్కలు ఉండేవి; ఆ పదమూడింటినీ ఒకదాని మీద ఒకటి చేత్తో అతికించేవాళ్ళం. దారం లేదు, మేకు లేదు. కుట్టు వేస్తే సూది దిగిన ప్రతి చోటా నీటికి ఒక రంధ్రం ఇచ్చినట్టే కదా.

మా బాపు కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి బల్లార్షా బాయిలో పంపు ఖలాసీగా చేరాడు. బాయి లోపల ఊటనీరు ఎక్కడ నిలిస్తే పంపు అక్కడే ఉంటుంది కాబట్టి పంపు ఖలాసీ కాళ్ళు ఎప్పుడూ తడిలోనే ఉంటాయి. అప్పట్లో అమల్లో ఉన్న 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం రక్షణ బూటు తొడుక్కోనిదే ఎవరూ బాయిలోకి దిగకూడదు. బూటు ఉండడం ఒకటి, అది నీరు పట్టకుండా ఉండడం మరొకటి. బాపు డ్యూటీ నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని బూటును తలకిందులు చేస్తే అందులోంచి నల్లటి నీళ్ళు కారిన రోజులు నాకు బాగా గుర్తు. వేళ్ళ సందులు నానిపోయి తెల్లగా పాలిపోయి ఉండేవి. రాత్రిపూట అవ్వ పసుపులో కొబ్బరినూనె కలిపి ఆ సందులకు రాసేది. ఆ నూనె సీసా మా ఇంట్లో గూట్లో ఎప్పుడూ నిండుగా ఉండేది. బాపు కాళ్ళకూ, మా అందరి తలలకూ అదే సీసా. ఈ సీసా సంగతి ఎందుకు చెప్పానో ముందుకు పోతే తెలుస్తుంది.

షెడ్డులో పన్నెండు మందిమి ఉండేవాళ్ళం. పని నేర్పినవాడు మేస్త్రి. మంచిర్యాల మనిషి, వయసులో ఉన్నప్పుడు కలకత్తా వైపు ఒక రబ్బరు కర్మాగారంలో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చాడు. మేమంతా ఆయనను కాకా అని పిలిచేవాళ్ళం. నా పక్క బల్ల దగ్గర సిరోంచ నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. ప్రాణహిత ఒడ్డున పెరిగిన మనిషి కాబట్టి తెలుగు, మరాఠీ రెండూ ఒకే మాటలో కలిపేసి మాట్లాడేది. చెయ్యి మాత్రం తిరుగులేనిది. సేటు రోజుకు రెండుసార్లు వచ్చి లెక్క చూసుకుని వెళ్ళేవాడు.

రబ్బరు కేరళ నుంచి పొగపట్టిన షీట్ల కట్టలుగా వచ్చేది. దానిని రెండు రోలర్ల మిల్లు మీద నలిపి నలిపి మెత్తబరిచి, అందులో జింక్ ఆక్సైడ్, స్టియరిక్ ఆమ్లం, నల్లపొడి, ఇంకా ఒకటి రెండు మందులు వేసి, చిట్టచివర గంధకం కలిపేవారు. వంద కిలోల రబ్బరుకు గంధకం రెండు, రెండున్నర కిలోలకు మించదు. అన్నంలో ఉప్పంత అన్నమాట. ఆ కొద్దిపాటి గంధకమే మొత్తం పనికి ప్రాణం. మిల్లు నుంచి దిగిన ముద్దను పలుచటి పలకలుగా సాగదీసి, ఒకదానికొకటి అంటుకోకుండా సుద్దపొడి చల్లి, రేకు అచ్చులు పెట్టి కత్తితో ముక్కలు కోసేవారు. ఆ ముక్కలు నా బల్ల మీదికి వచ్చేసరికి ఇంకా పచ్చి రబ్బరే.

పచ్చి రబ్బరు స్వభావం వేరు. దానిని లాగితే సాగుతుంది, కానీ పూర్తిగా వెనక్కి రాదు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. రెండు శుభ్రమైన పచ్చి ముక్కలను ఒకదానికొకటి అదిమితే కాసేపటికి ఏది ఏదో చెప్పలేనంతగా కలిసిపోతాయి. రబ్బరు అంటే చాలా పొడవైన గొలుసులాంటి అణువులు. అదిమిన చోట ఈ ముక్కలోని గొలుసుల కొసలు ఆ ముక్కలోకీ, ఆ ముక్కలోవి ఈ ముక్కలోకీ పాకుతాయి. తరువాత వేడి తగిలినప్పుడు గంధకం ఆ గొలుసుల మధ్య వంతెనలు కడుతుంది. అతుకుకు అటువైపూ ఇటువైపూ ఒకే వంతెనలు పడినప్పుడు ఇక అక్కడ అతుకు అనేది ఉండదు, ఒకే రబ్బరు ఉంటుంది. ఒకసారి అలా ఉడికిన రబ్బరు మళ్ళీ దేనికీ తనంతట తాను అంటుకోదు. కాబట్టి అతికించేది ఏదైనా పచ్చిగా ఉన్నప్పుడే అతికించాలి. కాక నాకు మొదటి రోజు చెప్పిన మాట ఇంతే: "ఉడకకముందు ఎన్ని తప్పులైన దిద్దుకోవచ్చు తమ్మీ. ఉడికినంక నువ్వు చేసింది నువ్వే సూస్కోవాలె."

పని వరుస ఇలా ఉండేది. కాలి ఆకారంలో పోతపోసిన అల్యూమినియం ఫర్మాను మేకు మీద తలకిందులుగా నిలబెట్టి దానికి నూలు అల్లిక అస్తరును మేజోడులాగా తొడిగేవాళ్ళం. అరికాలి కింద లోపలి అట్ట అతికేది. బొటనవేలి దగ్గర, మడమ చుట్టూ, చీలమండ మీద రబ్బరు పట్టిన గుడ్డ ముక్కలు బలానికి వేసేవాళ్ళం. ఆ తరువాత పాదం మీది పలక, దాని పైన పిక్కను చుట్టుకునే పెద్ద పలక వచ్చేవి. ఈ పెద్ద పలక రెండు అంచులు వెనక వైపు, మడమ నుంచి మోకాలి కిందిదాకా ఒకదాని మీద ఒకటి అర అంగుళం ఎక్కి కూర్చునేవి. ఆ గీత మీద నిలువునా ఒక సన్నటి పట్టీ. మేము దానిని వెన్నుపట్టీ అనేవాళ్ళం. చివరికి సోలు, సోలూ పలకా కలిసే చోట చుట్టూ అంచు పట్టీ, పైన నోటి దగ్గర ఒక మందపు పట్టీ.

అంచులను నిటారుగా కోయకూడదు. కత్తిని పడుకోబెట్టి వాలుగా కోయాలి. నిటారుగా కోసిన అంచు మీద ఇంకో పలక వేస్తే అక్కడ ఒక మెట్టు ఏర్పడుతుంది. పై పలక ఆ మెట్టు మూలలోకి పూర్తిగా దిగదు. వెంట్రుకవాసి ఖాళీ ఒకటి మెట్టు పొడవునా మిగిలిపోతుంది. బయటికి ఏమీ కనబడదు. నీరు ఒక కొస దగ్గర దొరికిన సందులోంచి దూరి ఆ ఖాళీ వెంబడే జానెడు దూరం పాకి ఇంకెక్కడో లోపలికి దిగుతుంది. బాయిలో పనిచేసే వాళ్ళ కోసం చేసే బూటులో మనమే సొరంగం తవ్వి పెట్టడం ఏమిటని అక్క నవ్వేది.

ముక్కలు వేసేముందు వాటి మీది సుద్దపొడిని పెట్రోలు గుడ్డతో తుడిచేవాళ్ళం. రెండు మూడు రోజులు నిల్వ ఉన్న పలక మీద గంధకం పైకి తేలి సన్నటి బూడిదరంగు నూగులాగా కనిపించేది, దానినీ తుడవాలి. తరువాత సొల్యూషన్. సైకిలు పంక్చరు దుకాణంలో ఉండేదే, కాకపోతే మాది డ్రమ్ములో ఉండేది. రబ్బరు ముక్కలను పెట్రోలులాంటి ద్రావకంలో రాత్రంతా వదిలేస్తే శనగల్లాగా ఉబ్బి మెత్తబడేవి. పొద్దున్నే కర్రతెడ్డుతో తిప్పితే తేనెలాగా జారేది. ఆ ఆవిరికి మధ్యాహ్నానికల్లా తల దిమ్మెక్కేది. బీడీ కాల్చాలంటే రోడ్డు దాటి అవతల చింతచెట్టు కిందికి పోవాలని కట్టడి. సేటు మా అందరికీ సాయంత్రం తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేవాడు, బెల్లం తింటే ఆవిరి విరిగిపోతుందని ఆయన నమ్మకం. ఆ బెల్లానికయ్యే ఖర్చుతో ఉత్తరపు గోడకు రెండు కిటికీలు పెట్టించి ఉంటే మా తలలకు ఎక్కువ మేలు జరిగి ఉండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

సొల్యూషన్‌ను కుంచెతో పలుచగా ఒక పూత వేసి ఆరనిచ్చి, ఆ మీద రెండో పూత వేయాలి. ఆ రెండో పూత ఎంతసేపు ఆరాలి అన్నదే చేతిపనిలోని అసలు కిటుకు. త్వరపడితే ద్రావకం లోపలే చిక్కుకుని ఉడికేటప్పుడు బుడగ అవుతుంది. ఆలస్యమైతే పూత చచ్చిపోయి అంటుకోదు. గడియారం దీనికి పనికిరాదు, ఎందుకంటే మే నెలలో రెండు నిమిషాలు పట్టేది ఆగస్టులో పావుగంటైనా తేలదు. కాక నేర్పిన పరీక్ష ఏమిటంటే, వేలిని మడిచి కణుపు వెనక భాగంతో పూతను తాకి తీయాలి. పూత వేలిని పట్టుకున్నట్టు లాగాలి, కానీ వేలికి రాకూడదు. వేలికొనతో ఎందుకు తాకకూడదని అడిగితే, కొనకు చెమట ఉంటుంది, కణుపుకు ఉండదు అన్నాడు. ఈ మాట నేను విన్నాను, తల ఊపాను, పూర్తిగా అర్థం చేసుకోలేదు.

పలకను పరిచాక చక్రంతో నొక్కడం. చెక్కపిడికి బిగించిన, పాత రూపాయి బిళ్ళంత ఇత్తడి చక్రం. అంచున సన్నటి పళ్ళు. అతుకు మధ్యలో మొదలుపెట్టి అంచువైపు తోయాలి. అప్పుడు లోపలి గాలి ముందుకు జరిగి బయటపడుతుంది. అంచు నుంచి లోపలికి తోస్తే గాలి మధ్యలో చిక్కుకుని బొబ్బలాగా లేస్తుంది. దానిని సూదితో గుచ్చి, గాలి వదిలి, ఒక చుక్క సొల్యూషన్ పెట్టి మళ్ళీ నొక్కాలి. రోజంతా చక్రం తోసిన చెయ్యి రాత్రి అన్నం ముద్ద కలపడానికి కూడా మొరాయించేది. వెన్నుపట్టీ వేసేటప్పుడు ఎడమ బొటనవేలితో పట్టీని మడమకు కొంచెం పైన అదిమి పట్టుకుని, కుడిచేత్తో పట్టీని పైకి లాగి సరిచూసి, ఆ తరువాత చక్రం వేయాలి. ఈ భంగిమ కూడా గుర్తుంచుకోండి.

చాందా ఎండ అంటే దేశానికంతటికీ తెలుసు. మే నెలలో 46 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. ఆ నెలలో నిల్వ ఉన్న ముక్కలు కొన్ని బల్ల మీదికి రాకముందే కొద్దిగా గట్టిపడడం మొదలుపెట్టేవి. అలాంటి ముక్క మూలను మడిచి తన మీద తనను అదిమితే తిరిగి విచ్చుకునేది. దానిని పక్కన పడేయడం తప్ప చేసేదేమీ లేదు. అయినా నన్ను అడిగితే ఎండాకాలమే మేలు. వానాకాలంలో వచ్చే జబ్బు కంటికి కూడా సరిగా ఆనదు. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పూతను చల్లబరుస్తుంది, చేతి మీద పెట్రోలు పడితే చల్లగా తగిలినట్టు. గాలిలో తేమ నిండుగా ఉన్న రోజు ఆ చల్లటి పూత మీద తేమ దిగి, నల్లటి పలక మీద అద్దానికి ఊపిరి తగిలినట్టు పలుచటి తెల్లదనం కమ్ముకుంటుంది. దాని మీద ఇంకో పలక వేస్తే రబ్బరుకూ రబ్బరుకూ మధ్య నీటిని పరిచినట్టే. నీటిని ఆపే బూటును జనం అడిగేది వానాకాలంలో, దానిని చేయడానికి అన్నిటికన్నా పనికిరాని కాలం కూడా అదే. వార్ధా నది ఒడ్డెక్కిన రోజుల్లో సేటు జతల లెక్క పెంచమనేవాడు, కాక తగ్గించమనేవాడు. ఇద్దరి మధ్యా మేము.

ఆ తేమకు కాక కనిపెట్టిన మందు ఫర్మాల వేడి. ఉడికిన బూటును ఒలిచిన తరువాత అల్యూమినియం ఫర్మా చాలాసేపు గోరువెచ్చగా ఉంటుంది. మామూలు రోజుల్లో దానిని చల్లార్చి వాడేవాళ్ళం. వానాకాలంలో ఆ వెచ్చదనం మీదే కొత్త అస్తరు తొడిగించేవాడు. నూలులోని తడి ఎగిరిపోయేది, పూత మీద తెల్లదనం పట్టేది కాదు. ఉడికేటప్పుడు అస్తరులో తడి మిగిలితే అది ఆవిరై బూటు గోడను లోపలి నుంచి ఉబ్బిస్తుంది.

ఉడికించే యంత్రం పేరు ఆటోక్లేవ్. మేము దానిని కుక్కర్ అనేవాళ్ళం. పడుకోబెట్టిన పెద్ద ఇనుప పీపా, ఒక వైపు బోల్టుల తలుపు. ఫర్మాలతో సహా బూట్లను బండి మీద వరుసగా నిలబెట్టి లోపలికి తోసి, తలుపు బిగించి, గాలి ఒత్తిడి ఎక్కించి 130 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో గంటకు పైగా ఉంచేవారు. వేడి ఎంత ముఖ్యమో ఒత్తిడి కూడా అంతే ముఖ్యం. అతుకుల్లో మిగిలిన కొద్దిపాటి గాలిని లేవనీయకుండా అదిమి పట్టేది అదే. ఒకసారి సగంలో కరెంటు పోయి కంప్రెసర్ ఆగిపోతే ఒత్తిడి జారిపోయి, తలుపు తీసేసరికి బండెడు బూట్లూ అమ్మవారు పోసినట్టు బొబ్బలతో నిలబడి ఉన్నాయి. ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు.

ఈ గంధకం, వేడి సంగతి అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడనీ, 1844లో దానికి పేటెంటు తీసుకున్నాడనీ నేను చాలా తరువాత చదివి తెలుసుకున్నాను. అంతకు ముందు అక్కడివారు కొనుక్కున్న రబ్బరు జోళ్ళు ఎండాకాలంలో కరిగి కంపుకొట్టేవట, చలికాలంలో చెక్కలాగా బిగుసుకుపోయేవట. చాందా ఎండ వాటిని చూసి ఉంటే ఏమయ్యేదో. ఇంకా ముందు బ్రెజిల్ అడవుల్లోని జనం అచ్చును చెట్టుపాలలో ముంచి, పొగబెట్టి, మళ్ళీ ముంచి జోడు చేసేవారు. ఆ జోడులో అతుకే లేదు. పలకలు కోసి బూటు కట్టడం మొదలైనప్పటి నుంచే ఈ అతుకుల బాధ మొదలైంది. 1853లో హైరమ్ హచిన్‌సన్ అనే ఆయన గుడ్‌ఇయర్ పేటెంటు పట్టుకుని ఫ్రాన్సులో రైతుల కోసం రబ్బరు బూట్ల కర్మాగారం పెట్టాడు. పొలంలో చెక్కజోళ్ళతో తడిసిన కాళ్ళు అక్కడ పొడిబారినప్పుడు, ఆ బల్లల దగ్గర కూర్చుని చక్రం తోసినవాళ్ళు ఎవరో అని నేను అప్పుడప్పుడు అనుకుంటాను.

తయారైన బూటును పరీక్షించడానికి నోటిలో రబ్బరు బిరడా బిగించి, సైకిలు పంపుతో కొద్దిగా గాలి కొట్టి, తొట్టిలో ముంచేవాళ్ళం. ముంచగానే బూటు ఒంటి నిండా సన్నటి బుడగలు అంటుకుని ఉంటాయి. అవి బయటి గాలివి. చేత్తో ఒకసారి నిమిరితే పోతాయి. నిమిరాక కూడా ఒకే చోటు నుంచి దారంలాగా ఒకదాని వెంట ఒకటి లేచేవే అసలు బుడగలు. తొడుక్కున్న మనిషి చెప్పే చోటును నమ్మకూడదు. మడమ దగ్గర చొచ్చిన నీరు నూలు అస్తరు వెంట పాకి బొటనవేలికి ముందు తగులుతుంది, అతను బొటనవేలు చూపిస్తాడు. ప్రతి బూటునూ ముంచే తీరిక మాకు ఉండేది కాదు. పదింటికి ఒకటి ముంచేవాళ్ళం.

నేను చేరిన ఏడాదే, దసరాకు ముందు, ఒక బాయి నుంచి 22 జతలు తిరిగి వచ్చాయి. గోనెసంచికి కట్టిన చీటీ మీద మరాఠీలో "డావ్యా పాయాత పాణీ" అని ఉంది. ఎడమ కాల్లో నీళ్ళు. కాక చీటీని రెండుసార్లు చదివి, సంచిని తొట్టి పక్కన గుమ్మరించి, ఒక్కొక్కటే ముంచడం మొదలుపెట్టాడు. 22 ఎడమ బూట్లలో 19 కారాయి. కుడి బూటు ఒక్కటి కూడా కారలేదు. అన్నిటికీ బుడగ ఒకే చోట, మడమకు నాలుగు వేళ్ళ పైన, వెన్నుపట్టీ పక్క నుంచి.

మా షెడ్డులో ఎడమ ఫర్మాలన్నీ నా బల్ల మీద, కుడి ఫర్మాలన్నీ అక్క బల్ల మీద ఉండేవి. కాబట్టి ఎవరి పని అని అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

కాక ఒక బూటును తీసుకుని వెన్నుపట్టీ కింద కత్తిమొన పెట్టి, పటకారుతో పట్టీని పట్టుకుని పైకి ఒలిచాడు. మంచి అతుకు ఒలవదు, చిరుగుతుంది. పట్టీలోని రబ్బరు కొంత పలక మీద ఉండిపోతుంది, పలకది కొంత పట్టీతో లేచి వస్తుంది, రెండు ముఖాలూ కొబ్బరిచెక్క పగిలినట్టు గరుకుగా ఉంటాయి. ఈ పట్టీ మడమ దగ్గర అలాగే చిరిగింది, పైభాగంలోనూ అలాగే చిరిగింది. మధ్యలో ఒక చోట మాత్రం చప్పుడు లేకుండా ఊడివచ్చింది. అక్కడ రబ్బరు అద్దంలాగా నున్నగా మెరుస్తోంది. కోలగా, ఒక అంగుళం పొడవున. దాని అంచు పట్టీ పక్కకు తాకిన చోటే నీటికి దారి. రెండో బూటు ఒలిచాడు, మూడోది ఒలిచాడు. అదే కోల మచ్చ. నాలుగోదాని మీద ఆయన తన ఎడమ బొటనవేలిని ఆ మచ్చ మీద పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది.

ఆ తరువాత ఆయన నా చెయ్యి తీసుకుని వాసన చూశాడు.

"దినాం తలకు నూనె పెడతవా తమ్మీ?"

"పెడత కాకా."

"కొబ్బరినూనెనా?"

అవునన్నాను. అప్పట్లో నాకు జుట్టు ఒత్తుగా ఉండి నుదుటి మీద పడుతూ ఉండేది. చెమటతో అది కళ్ళలోకి జారినప్పుడల్లా ఎడమచేత్తో ఎగదోసుకునేవాడిని. కుడిచేతిలో చక్రం ఉండేది కదా, ఖాళీగా ఉన్నది ఎడమ చెయ్యే. అదే చేతి బొటనవేలితో పూత మీద అదిమి పట్టేవాడిని. గంధకం, ఒత్తిడి, వేడి అన్నీ సక్రమంగా ఉన్నా నూనె చుక్క తగిలిన చోట రబ్బరు రబ్బరును ముట్టుకోలేదు. మరి తొట్టి పరీక్షలో ఎందుకు దొరకలేదంటే, కొత్తలో పట్టీ అంచు నిలబడి ఆ మచ్చను కప్పి ఉంచింది. నాలుగు వారాలు బాయిలో నడిచి చీలమండ వంగి లేచి వంగి లేచి అంచు విచ్చుకున్నాక నీటికి దారి దొరికింది.

కాక నన్ను తిట్టలేదు. ఆ 19 బూట్లనూ నాకే అప్పగించి బాగుచేయమన్నాడు. అది తిట్టు కంటే పెద్దదని రెండు రోజుల్లో తెలిసింది. ఉడికిన రబ్బరు దేనినీ రానివ్వదు. ఆకురాయితో గరుకు చేసి, తుడిచి, పంక్చరు వేసినట్టు సొల్యూషన్ పూసి, పైన ముక్క అంటించి, బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. అంత చేసినా అది పైపై అంటు మాత్రమే, అటూ ఇటూ ఒక్కటైన అతుకు కాదు. సేటు వాటిని బాయికి తిరిగి పంపకుండా వారపు సంతలో సగం ధరకు అమ్మించాడు. వరి మడుల్లో తొడుక్కోవడానికి రైతులు కొనుక్కుపోయారు. సంగతి విన్న బాపు అన్నం తింటూ అడిగింది ఒక్కటే, "మా బాయివి కావు గద?" కావన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మరునాటి నుంచి తలకు నూనె మానేశాను. అవ్వకు అది నచ్చలేదు. ఎండిపోయిన తలతో పిల్లవాడు దిక్కులేనివాడిలాగా తిరుగుతున్నాడని వాడకట్టులో అందరితో చెప్పేది. ఆదివారం రాత్రి పడుకున్నాక చాటుగా వచ్చి రాయబోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. మరుసటి చైత్రంలో చాందా మహాకాళి జాతరకు పోయి తలనీలాలు ఇచ్చి వచ్చాను. అవ్వ మొక్కు అది. నా సంగతి వేరే. గుండుతో షెడ్డుకు పోతే అక్క నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇగ నీ అతుకు ఇడిస్తె నన్నడుగు" అంది. ఆ ఏడాది నుంచి కుక్కర్‌లోకి పోయే ప్రతి బూటు నోటి పట్టీ లోపలి వైపు, కనబడని చోట, ఎవరు చేశారో తెలిసేలా ఒక గుర్తు కోయించే పద్ధతి కాక పెట్టాడు. నాది అడ్డగీత, అక్కది చుక్క.

1990 తరువాత ప్లాస్టిక్ బూట్లు దిగాయి. నైలాన్ మేజోడు తొడిగిన ఫర్మాను మూసిన అచ్చులో పెట్టి కరిగించిన పీవీసీని ఒత్తిడితో లోపలికి పంపితే నిమిషాల్లో బూటు బయటికి వస్తుంది. సోలు వేరే రంగుదైతే దానిని ఇంకో విడతలో పోస్తారు. రెండు పోతలూ వేడి మీదే కలిసిపోతాయి. వెన్నుపట్టీ లేదు, బొటనవేలు పెట్టే చోటే లేదు. ధర మా బూటులో సగానికి కొంచెం అటూ ఇటూ. మా బూటు మెత్తగా వంగుతుందనీ, ప్లాస్టిక్‌ది మడత దగ్గర కోస్తుందనీ బాయి మనుషులు కొన్నాళ్ళు అన్నారు, తరువాత అలవాటు పడ్డారు. సేటును తప్పుపట్టలేను. షెడ్డు మూసిన రోజు ఫర్మాలను కిలోల లెక్కన తూకం వేసి పాత సామాను వాడికి ఇచ్చారు. ఎడమవీ కుడివీ ఒకే కాటాలో పడ్డాయి. కాక మంచిర్యాలకు పోయాడు. అక్క సిరోంచకు పోకుండా బల్లార్షాలోనే కూరగాయల దుకాణం పెట్టుకుంది.

నేను చివరి బండిలో చేసిన జత ఒకటి బాపు కోసం తెచ్చుకున్నాను. అక్క బల్ల కూడా అప్పటికి ఖాళీ కావడంతో ఆ జతలో రెండు కాళ్ళూ నావే, రెండింటి లోపలా అడ్డగీతే. బాపు రిటైరయ్యేదాకా దానినే తొడుక్కున్నాడు. ఆయన పోయాక అవి పెరటి గోడ మీద బోర్లించి ఉన్నాయి. ఇన్నేళ్ళ ఎండకు రబ్బరు గట్టిపడి చీలమండ మడతల దగ్గర చేతి గీతల్లాగా పగుళ్ళు విచ్చాయి. పోయిన వానాకాలంలో ఏమీ తోచక రెండింటినీ దించి, కడిగి, నోటి నిండా నీళ్ళు పోసి అరుగు మీద నిలబెట్టి చూశాను. కాసేపటికి ముందు వైపు పగుళ్ళలోంచి నీళ్ళు చెమ్మగా ఊరి కారడం మొదలైంది. బూట్లను తిప్పి వెనక వైపు చూశాను. ఎడమదాని మీద మడమకు నాలుగు వేళ్ళ పైన కణుపుతో తాకి చూశాను. పొడిగా ఉంది.